గుర్రం మీద తిరిగిన పల్లె డాక్టర్లు (అమెరికా, 1800ల కాలం): వాళ్ళ పని నిజంగా ఎలా ఉండేది?

పాతకాగితం:
కొంతకాలంగా 19వ శతాబ్దపు అమెరికా పల్లె డాక్టర్ల గురించి దొరికినవన్నీ చదువుతున్నాను. మనందరి మనసులో ఒక బొమ్మ ఉంటుంది కదా, తోలు సంచీ, గుర్రబ్బండి, అర్ధరాత్రి వానలో వచ్చి పురుడు పోసి డబ్బు అడక్కుండా వెళ్ళిపోయే పెద్దాయన. అది అబద్ధమని నేను అనను, అలాంటి రాత్రులు వాళ్ళకి నిజంగానే చాలా ఉండేవి. కానీ ఆ బొమ్మలో మందు గురించీ, చదువు గురించీ, డబ్బు గురించీ ఏమీ ఉండదు. నాకు కావలసింది అదే. సంచీలో ఏముండేది, ఎవరు నేర్పారు, ఎవరు ఎంత ఇచ్చారు, ఆయన గడప తొక్కాక రోగి బతికే అవకాశం పెరిగేదా తగ్గేదా?

చదువుతో మొదలుపెడతాను. శతాబ్దం మొదటి సగంలో డాక్టర్ కావాలంటే ముందు ఊళ్ళో ఉన్న డాక్టర్ దగ్గర చేరాలి, మామూలుగా మూడేళ్ళు. గుర్రాన్ని చూసుకోవడం, గది ఊడవడం, కల్వంలో మందులు నూరడం, ఆయన దగ్గరున్న నాలుగు పుస్తకాలు చదవడం, ఆయన వెనకే రోగుల ఇళ్ళకు వెళ్ళడం. ఆ తర్వాత స్తోమత ఉంటే మెడికల్ కాలేజీ. అక్కడ రెండు విడతల లెక్చర్లు, ఒక్కో విడత నాలుగు నెలల దాకా, రెండో ఏడు చెప్పేది చాలా చోట్ల మొదటి ఏడు చెప్పిన పాఠమే. కెంటకీలో లెక్సింగ్టన్‌లో ఉన్న ట్రాన్సిల్వేనియా యూనివర్సిటీ, ఓహాయోలో సిన్సినాటి, ఇలాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళే మిసిసిపీ లోయ అంతా సర్దుకున్నారు. రోగిని ముట్టుకోకుండానే పట్టా చేతికొచ్చినవాళ్ళు బోలెడు మంది. అందుకే నా ఉద్దేశంలో కాలేజీ కన్నా ఆ మూడేళ్ళ శిష్యరికమే అసలు చదువు. గురువు మంచివాడైతే శిష్యుడు బాగుపడతాడు, గురువుకు తెలిసింది తప్పయితే ఆ తప్పు ఇంకో ముప్ఫై ఏళ్ళు ఇంకో ఊళ్ళో నడుస్తుంది.

రవి_లాయర్:
కాలేజీ మాట వచ్చింది కాబట్టి శవాల సంగతి కూడా చెప్పుకోవాలి. అనాటమీ నేర్పాలంటే శవాలు కావాలి, చట్టప్రకారం దొరికేవి చాలా తక్కువ, దాంతో స్మశానాల నుంచి ఎత్తుకొచ్చేవాళ్ళు. ఎక్కువగా పేదవాళ్ళ సమాధులు, నల్లవాళ్ళ సమాధులు తవ్వేవారు, అడిగేవాళ్ళు ఉండరు కాబట్టి. 1878 మే నెలలో మాత్రం ఇది దేశమంతా తెలిసింది. ప్రెసిడెంట్ విలియం హెన్రీ హారిసన్ కొడుకు జాన్ స్కాట్ హారిసన్‌ను ఓహాయోలో పూడ్చిపెట్టారు. సమాధి మీద బరువైన రాళ్ళు పెట్టించి, కాపలా కూడా పెట్టారు. బంధువులు వేరే మనిషి శవం పోయిందని వెతుక్కుంటూ సిన్సినాటిలోని ఒక మెడికల్ కాలేజీకి వెళ్తే అక్కడ తాడుకు వేలాడుతూ ఈయన శవమే కనబడింది. ఆయన కొడుకు బెంజమిన్ తర్వాత 1889లో ప్రెసిడెంట్ అయ్యాడు. అంత పెద్ద కుటుంబానికే ఇలా జరిగితే పల్లెటూరి పేద సమాధుల గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

సుజాత_నర్స్:
మంచి థ్రెడ్ పాతకాగితం గారూ. నేను ఓహాయోలోనే పని చేస్తున్నాను, ఇక్కడి పల్లెల్లో పాత డాక్టర్ల సంచులు కొన్ని మ్యూజియాల్లో చూశాను కాబట్టి ఆ సంచీ గురించి రాస్తాను.

గుర్రం జీను మీద రెండు వైపులా వేలాడే తోలు సంచులు ఉంటాయి, లోపల అరలు, అరల్లో గాజు సీసాలు. రక్తం తీయడానికి లాన్సెట్ అనే చిన్న కత్తి (ఒంట్లోంచి కొంత రక్తం కార్చేస్తే జబ్బు తగ్గుతుందని అప్పట్లో నమ్మేవారు). పన్ను పీకే ఇనప తాళంచెవి లాంటి పనిముట్టు. పురుడు కష్టమైతే బిడ్డ తల పట్టి బయటకు లాగే పటకారు, ఫోర్సెప్స్. సూదీ పట్టుదారం, చిన్న త్రాసు. మందుల్లో విరేచనాలకు కాలొమెల్, జాలప్, వాంతికి ఇపెకాక్, నొప్పికి నల్లమందు ద్రావణం, జ్వరానికి సింకోనా బెరడు, 1820లో పారిస్‌లో క్వినైన్‌ను విడదీశాక కొన్నేళ్ళకు క్వినైన్. మందుల షాపు దగ్గర్లో ఉండదు కాబట్టి డాక్టరే మాత్రలు చుట్టాలి, పొడి తూచి కాగితం పొట్లాలు కట్టాలి. స్టెతస్కోప్ ఫ్రాన్స్‌లో 1816లో పుట్టినా, పల్లె డాక్టర్ మెడలోకి రావడానికి చాలా కాలం పట్టింది. జ్వరం చూసే చిన్న థర్మామీటర్ 1860ల చివర్లో గానీ లేదు, అంతవరకు చెయ్యి పెట్టి చూడటమే, నాడి పట్టుకోవడమే, నాలుక చూడటమే.

ఇందులో కాలొమెల్ గురించి గట్టిగా చెప్పాలి. అది పాదరసపు మందు. విరేచనాల కోసం ఇచ్చేవారు, నోట్లో ఉమ్ము ధారగా కారడం మొదలైతే మందు పనిచేస్తోందని అనుకునేవారు. నిజానికి అది పాదరసం విషం ఎక్కిన గుర్తు. చిగుళ్ళు పుండ్లు పడి పళ్ళు ఊడిపోయేవి, పిల్లల్లో దవడ కుళ్ళిన కేసులు కూడా ఉన్నాయి. 1863లో అంతర్యుద్ధం మధ్యలో సైన్యపు సర్జన్ జనరల్ విలియం హామండ్ దీన్ని సైన్యం మందుల జాబితాలోంచి తీసేస్తే డాక్టర్లే ఆయన మీద మండిపడ్డారు. మరుసటి ఏడు ఆయన ఉద్యోగం పోయింది, ఆ గొడవ కూడా అందులో ఒక భాగం.

పాతకాగితం:
రక్తం తీయడం కూడా అంతే సుజాత గారూ. 1799 డిసెంబర్‌లో జార్జ్ వాషింగ్టన్‌కు గొంతు వాచి ఊపిరి ఆడకపోతే ఒక్క రోజులో దాదాపు 80 ఔన్సుల రక్తం తీశారు, అంటే రెండు లీటర్లకు పైనే. ఆయన రాత్రికే పోయారు. దేశంలో అందరికన్నా పెద్ద మనిషికి ఇచ్చిన వైద్యం ఇది, తర్వాతి నలభై యాభై ఏళ్ళు పల్లెల్లో నడిచిందీ ఇదే. డాక్టర్ ఏదో ఒకటి గట్టిగా చెయ్యాలని ఇంటివాళ్ళు కూడా ఎదురుచూసేవారు, ఇరవై మైళ్ళు వచ్చిన మనిషి ఊరికే కూర్చుని చూస్తానంటే ఒప్పుకోరు కదా.

డాక్టర్_ఖమ్మం:
నేను ఏజెన్సీ ప్రాంతంలో పీహెచ్‌సీలో పని చేశాను, కాబట్టి చలిజ్వరం గురించి చెప్పకుండా ఉండలేను. అప్పటి ఇండియానా, ఇల్లినాయి, మిస్సోరి నదీతీరాల్లో మలేరియా మామూలు విషయం. అడవి కొట్టి, చిత్తడి పక్కన ఇల్లు కట్టుకున్న కుటుంబంలో వేసవి చివరికల్లా అందరూ మంచాన పడేవారు. డాక్టర్లు దీన్ని చిత్తడి నేలల చెడు గాలి అనుకున్నారు. దోమ సంగతి తేలింది 1897 ఆగస్టులో, రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో దోమ పొట్ట కోసి మలేరియా పురుగును చూసినప్పుడు. అంటే ఈ పల్లె డాక్టర్ల తరం దాదాపు మొత్తం కారణం తెలియకుండానే ఈ జ్వరంతో పోరాడింది.

కారణం తెలియకపోయినా మందు తెలిసిన మనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన మీద నాకు చాలా గౌరవం. మిస్సోరిలో ఆరో రాక్ అనే ఊరు, డాక్టర్ జాన్ సాపింగ్టన్. తోటి డాక్టర్లు జ్వరానికి ముందు రక్తం తీసి, కాలొమెల్ ఇచ్చి, ఒళ్ళంతా ఖాళీ చేసి ఆ తర్వాత ఎప్పుడో కొంచెం క్వినైన్ ఇచ్చేవారు. ఈయన రక్తం తీయడం తప్పని చెప్పి, జ్వరం మొదట్లోనే క్వినైన్ ఇవ్వాలన్నాడు. 1832 నుంచి క్వినైన్ మాత్రలు తయారు చేయించి, గుర్రాల మీద మనుషులను పంపి చుట్టుపక్కల రాష్ట్రాలన్నిటా అమ్మించాడు. బాగా సంపాదించాడు, అది నిజం. కానీ 1844లో పుస్తకం వేసి మాత్రలో ఏముందో, ఎంత ఉందో అందరికీ చెప్పేశాడు. ఒక్కో మాత్రలో ఒక గ్రెయిను క్వినైన్, మిగతావి అతిమధురం, బోళం, వాసనకు సాసాఫ్రాస్ నూనె. రహస్యపు మందులు అమ్ముకునే కాలంలో అలా చెప్పడం చిన్న విషయం కాదు.

కాబట్టి పాతకాగితం గారి ప్రశ్నకు నా జవాబు: ఏ జబ్బు అనేదాన్ని బట్టి. చలిజ్వరమైతే, క్వినైన్ నమ్మే డాక్టర్ వస్తే, రోగి అదృష్టవంతుడు. ఎముక విరిగితే, భుజం జారితే, చీముగడ్డ కోయాలంటే కూడా డాక్టర్ రావాల్సిందే. మశూచి టీకా 1800 నుంచే ఆ దేశంలో ఉంది, అది వేయడం పల్లె డాక్టర్ చేసిన అతి మంచి పనుల్లో ఒకటి. గొంతువాపు రోగం (డిఫ్తీరియా) వచ్చిన ఇంట్లో మాత్రం 1890ల మధ్యలో సీరం వచ్చేదాకా ఆయన చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఒకే వారంలో ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు పిల్లలు పోయేవారు, ఆయన పక్కన కూర్చునేవాడు. ఆ కూర్చోవడం కూడా పనే అని నేను నమ్ముతాను.

జార్జియా_తెలుగు:
అందరికీ నమస్కారం. అట్లాంటాలో ఉండే మన తెలుగువాళ్ళు ఒక్కసారైనా జెఫర్సన్ వెళ్ళి రండి, ఊరికి ఈశాన్యంగా గంట ప్రయాణం. డాక్టర్ క్రాఫర్డ్ లాంగ్ అక్కడే ప్రాక్టీస్ చేశాడు, ఆయన పేరుమీద మ్యూజియం ఉంది.

కథ ఏమిటంటే, అప్పట్లో కుర్రాళ్ళు సరదాకి ఈథర్ పీల్చి మత్తులో గెంతులు వేసేవాళ్ళు. ఆ మత్తులో పడి దెబ్బలు తగిలినా వాళ్ళకు నొప్పి తెలియడం లేదని ఈయన గమనించాడు. 1842 మార్చి 30న జేమ్స్ వెనబుల్ అనే కుర్రాడి మెడ మీద గడ్డను, తువ్వాలు మీద ఈథర్ పోసి పీల్పించి తీశాడు. కుర్రాడికి నొప్పి తెలియలేదు. ఫీజు 2 డాలర్లు, ఈథర్‌తో కలిపి. అప్పటికి డాక్టర్ వయసు 26. ప్రపంచానికి తెలిసింది మాత్రం నాలుగేళ్ళ తర్వాత, 1846 అక్టోబర్‌లో బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ళ డాక్టర్ ఈథర్ ఇచ్చి చూపించినప్పుడు. లాంగ్ తన కేసులు 1849లో గానీ అచ్చు వేయలేదు. చాలామంది ఆయనది బద్ధకం అంటారు, నాకు ఆ మాట నచ్చదు. పల్లె డాక్టర్‌కు ఆపరేషన్లు ఎన్ని వస్తాయి? ఒకటి రెండు కేసులతో గొప్ప చెప్పుకోకూడదని, ఇంకొన్ని చూసి ఖాయం చేసుకోవాలని ఆగాడు. పక్కన ఆసుపత్రి లేదు, పత్రికల వాళ్ళు లేరు, కూర్చుని రాసే తీరిక కూడా లేదు. 1878లో ఒక పురుడు పోస్తున్న ఇంట్లోనే పక్షవాతం వచ్చి పోయాడు. ఇప్పుడు అమెరికాలో డాక్టర్స్ డే మార్చి 30నే జరుపుకుంటారు, ఆ మొదటి ఆపరేషన్ రోజు అన్నమాట.

మేఘన:
మత్తు మాట వచ్చింది కాబట్టి మత్తు లేని ఆపరేషన్ గురించి. కెంటకీలో డాన్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఎఫ్రాయిమ్ మెక్‌డొవెల్. 1809 డిసెంబర్‌లో జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే ఆవిడను చూడటానికి 60 మైళ్ళు వెళ్ళాడు, అందరూ కవల పిల్లల గర్భం అనుకుంటుంటే ఈయన అండాశయంలో కణితి అని తేల్చాడు. పొట్ట కోస్తే మనిషి బతకదని అప్పటి పెద్ద పెద్ద సర్జన్ల నమ్మకం. ఆయన ఆ మాట దాచకుండా చెప్పి, ప్రయోగమని చెప్పి, ఒప్పుకుంటే డాన్‌విల్ రమ్మన్నాడు. ఆవిడ ఆ కణితిని జీను కొమ్ముకు ఆనించుకుని చలికాలంలో 60 మైళ్ళు గుర్రం మీద వచ్చింది. 25 నిమిషాల్లో 22న్నర పౌండ్ల కణితి తీశాడు, అంటే 10 కిలోలకు పైన. మత్తు లేదు, ఆవిడ కీర్తనలు చదువుకుంటూ ఉండిపోయింది. అయిదో రోజు వెళ్ళి చూస్తే తన పక్క తనే సర్దుకుంటోంది. ఇంకో 32 ఏళ్ళు బతికింది. డాక్టర్ ధైర్యం గురించి అందరూ రాస్తారు, ఆవిడ ధైర్యం గురించి అంత రాయాలని నాకు ఉంటుంది.

ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. 1817లో ఆయన అచ్చు వేసిన మూడు కేసుల్లో మిగతా ఇద్దరూ నల్లజాతి స్త్రీలు. జేన్ క్రాఫర్డ్‌ను అడిగినట్టు బానిసగా ఉన్న స్త్రీని ఎవరూ అడగక్కర్లేదు, యజమాని ఊ అంటే చాలు. దక్షిణ రాష్ట్రాల పల్లె డాక్టర్ ఆదాయంలో పెద్ద భాగం తోటల యజమానుల నుంచి వచ్చేది, బానిసలను చూడటానికి ఏడాదికింత అని ఒప్పందాలు ఉండేవి. మనిషి బాగుపడటం కాదు, పనికి లేవడం ముఖ్యం.

డాక్టర్ మేరియన్ సిమ్స్ సంగతి అందరికన్నా బాధగా ఉంటుంది. 1835లో పట్టా తీసుకుని సౌత్ కెరొలైనాలో సొంతూరు లాంకస్టర్‌లో బోర్డు పెట్టాడు. మొదటి ఇద్దరు రోగులూ పసిపిల్లలు, ఇద్దరూ పోయారు. బోర్డు పీకి బావిలో పడేసి అలబామా వెళ్ళిపోయాడు. అంత కలతపడిన మనిషే 1845 నుంచి 1849 దాకా మాంట్‌గొమరీలో తన పెరటి ఆసుపత్రిలో బానిస స్త్రీల మీద, కష్టమైన కాన్పుల్లో చీలిపోయిన భాగాలు కుట్టే ఆపరేషన్లు మళ్ళీ మళ్ళీ చేశాడు. అనార్కా అనే అమ్మాయికి 30 సార్లు. ఈథర్ గురించి ప్రపంచానికి తెలిసిన తర్వాత కూడా మత్తు లేకుండానే. అనార్కా, బెట్సీ, లూసీ, ఈ మూడు పేర్లే మనకు మిగిలాయి, ఇంకా చాలామంది పేర్లు కూడా లేవు. ఆ ఆపరేషన్ తర్వాత లక్షల మంది స్త్రీలకు ఉపయోగపడింది. అయినా ఆ మూడు పేర్లు చెప్పకుండా ఆయన పేరు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు.

సుజాత_నర్స్:
మేఘనా, ఇది రాసినందుకు థాంక్స్ అమ్మా. పురుళ్ళ గురించి ఒక మాట కలుపుతాను. మంత్రసాని చేతిలో పురుళ్ళు అంతకుముందు నుంచీ నడిచేవి. ఇప్పటి మెయిన్ రాష్ట్రంలో మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని 27 ఏళ్ళు డైరీ రాసింది, అందులో 816 పురుళ్ళు ఉన్నాయి, తల్లులు పోయిన కేసులు చాలా తక్కువ. డాక్టర్ వచ్చాక ఫోర్సెప్స్ వచ్చాయి, వాటితో బతికిన తల్లీబిడ్డలు ఉన్నారు, కానీ చీముపుండు చూసిన చేతితోనే తిన్నగా పురిటి మంచం దగ్గరకు వచ్చేవారు. బాలింత జ్వరం ఒకరి నుంచి ఒకరికి డాక్టర్ చేతుల మీదుగానే పోతోందని బోస్టన్‌లో ఆలివర్ వెండెల్ హోమ్స్ 1843లోనే రాశాడు. పెద్ద ప్రొఫెసర్లే ఒప్పుకోలేదు. చేతులు కడుక్కోవడం ఎంత చిన్న పని, ఎంతమంది బాలింతలు పోయారో తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. 1881లో ప్రెసిడెంట్ గార్ఫీల్డ్‌కు తుపాకీ గుండు తగిలినప్పుడు కూడా కడగని వేళ్ళే గాయంలో పెట్టి వెతికారు.

పాతకాగితం:
ఇక డబ్బు. పల్లె డాక్టర్ల ఖాతా పుస్తకాలు చాలా మిగిలాయి, నాకు అన్నిటికన్నా నచ్చేవి అవే. ఊళ్ళో విజిట్‌కు ఒక డాలర్ అటూఇటూ, ఊరు దాటితే మైలుకింత అదనం, రాత్రయితే ఇంకా ఎక్కువ, పన్ను పీకితే పావు డాలరో అర డాలరో. 1850 ప్రాంతంలో పొలం కూలికి భోజనం పెట్టి నెలకు 10, 12 డాలర్లు ఇచ్చేవారు. పది మైళ్ళ దూరం నుంచి డాక్టర్‌ను పిలిస్తే కూలివాడి నెల జీతంలో పెద్ద ముక్క పోయినట్టే. అందుకే ఆఖరు నిమిషం దాకా పిలిచేవారు కాదు, ఆఖర్న వచ్చిన డాక్టర్ చేతిలో రోగి పోయేవాడు, దాంతో డాక్టర్ మీద నమ్మకం ఇంకా తగ్గేది.

జమ వైపు చూస్తే మొక్కజొన్న, పంది మాంసం, కట్టెలు, గుర్రానికి గడ్డి, కంచె వేసిన రెండు రోజుల పని. నగదు పంట అమ్మాకే కనబడుతుంది, అది కూడా ముందు కొట్టువాడికి, పన్నుకు పోతుంది. కొన్ని బాకీలు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతాయి. డాక్టర్ చచ్చిపోయాక ఆ బాకీలు వసూలు చేసుకోవడానికి భార్య తిరిగిన సందర్భాలు ఉన్నాయి. డాక్టర్ ఇంట్లో ఆడవాళ్ళ పని ఎవరూ లెక్క రాయలేదు, కబురు తెచ్చినవాడికి అన్నం పెట్టడం, ఆయన ఏ ఇంట్లో ఉన్నాడో గుర్తుపెట్టుకుని చెప్పడం, మందు పొట్లాలు కట్టడం, అన్నీ ఆవిడే. పొలం లేని డాక్టర్ దాదాపు లేడు, ప్రాక్టీసు ఒక్కటే అన్నం పెట్టేది కాదు.

రవి_లాయర్:
పోటీ కూడా చెప్పాలి. 1830లు, 40ల్లో చాలా రాష్ట్రాలు లైసెన్సు చట్టాలు తీసేశాయి, ఎవరైనా డాక్టర్ బోర్డు పెట్టుకోవచ్చు. న్యూహాంప్‌షైర్ రైతు శామ్యూల్ థామ్సన్ మూలికలు, ఆవిరి స్నానం వైద్యానికి 1813లో పేటెంటే తీసుకున్నాడు, 20 డాలర్లు కడితే కుటుంబానికి ఆ వైద్యం వాడుకునే హక్కు. 1825 నుంచి హోమియోపతి కూడా వచ్చింది. జనం వాళ్ళ వైపు వెళ్ళడంలో వింతేమీ లేదు, హోమియో మాత్ర పని చేసినా చేయకపోయినా పళ్ళు మాత్రం ఊడగొట్టదు.

1847లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పుట్టింది, కానీ చట్టం బిగియడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు. వెస్ట్ వర్జీనియా 1881లో చట్టం చేసింది, గుర్తింపు ఉన్న కాలేజీ పట్టా ఉండాలి, లేదా పదేళ్ళ ప్రాక్టీసు చూపాలి, లేదా పరీక్ష పాసవ్వాలి. ఫ్రాంక్ డెంట్ అనే డాక్టర్‌కు పదేళ్ళు నిండలేదు, ఆయన పట్టాను బోర్డు ఒప్పుకోలేదు, ఆయన ఆపకుండా వైద్యం చేశాడు, జరిమానా పడింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1889లో జడ్జీలందరూ ఏకమై రాష్ట్రానికి ఆ అధికారం ఉందన్నారు. ఈ తీర్పు మంచిదే అని నా అభిప్రాయం, కానీ దాని వల్ల కొన్ని కొండ పల్లెల్లో ఉన్న ఒక్క డాక్టర్ కూడా లేకుండా పోయి ఉంటాడన్నది కూడా ఆలోచించాలి.

గుంటూరువాసి:
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. మా ఊరికి సంబంధం ఉన్న విషయం ఒకటి చెప్తాను. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పేరు మన వైపు అందరూ విన్నదే. డాక్టర్ అన్నా కుగ్లర్ పెన్సిల్వేనియా ఆవిడ, ఫిలడెల్ఫియాలోని మహిళా మెడికల్ కాలేజీలో 1879లో చదువు పూర్తి చేసి 1883లో గుంటూరు వచ్చారు, ఆసుపత్రి 1898లో తెరిచారు. మరాఠీ అమ్మాయి ఆనందీబాయి జోషి 1886లో పట్టా తీసుకున్నది అదే కాలేజీలో. ఆ కాలేజీ నుంచి అమెరికా పల్లెలకు కూడా ఎవరైనా వెళ్ళారా? మగ డాక్టర్ల గురించే అందరూ రాస్తున్నారు.

మేఘన:
వెళ్ళారు గుంటూరువాసి గారూ. సూజన్ లా ఫ్లెష్. నెబ్రాస్కాలోని ఒమాహా తెగ అమ్మాయి, 1865లో పుట్టింది. చిన్నప్పుడు ఒక ముసలావిడ ఒళ్ళు బాగాలేక బాధపడుతుంటే ప్రభుత్వ డాక్టర్‌కు మళ్ళీ మళ్ళీ కబురు పెట్టినా ఆయన రాలేదు, ఆవిడ తెల్లారేలోపు పోయింది. సూజన్ అది దగ్గరుండి చూసింది. ఆనందీబాయి పట్టా తీసుకున్న 1886లోనే సూజన్ ఆ కాలేజీలో చేరింది, 1889లో క్లాసులో మొదటి స్థానంలో బయటకు వచ్చి, సొంత మనుషుల దగ్గరకే వెళ్ళింది. అమెరికా ఆదివాసుల్లో మెడికల్ డిగ్రీ తీసుకున్న మొదటి స్త్రీ ఆవిడే.

1,200 పైచిలుకు జనానికి ఒక్కతే డాక్టర్. జీతం ఏడాదికి 500 డాలర్లు. ఇళ్ళు మైళ్ళ దూరంలో ఎక్కడెక్కడో ఉండేవి, గుర్రం మీదో బండి మీదో నెబ్రాస్కా మంచులో వెళ్ళేది. క్షయ, ఇన్‌ఫ్లూయెంజా, కళ్ళ జబ్బులు. వైద్యం మీద వచ్చినవాళ్ళు ఉత్తరాలు చదివి పెట్టమని, భూమి కాగితాలు చూసి పెట్టమని కూడా వచ్చేవాళ్ళు. 1893కల్లా ఆవిడ ఆరోగ్యమే దెబ్బతిని ఉద్యోగం వదిలేయాల్సి వచ్చింది, కొంత కోలుకుని మళ్ళీ ప్రాక్టీస్ పెట్టింది, తెల్లవాళ్ళూ ఒమాహావాళ్ళూ ఇద్దరూ వచ్చేవారు. విరాళాలు పోగుచేసి 1913లో వాల్ట్‌హిల్‌లో ఆసుపత్రి కట్టించింది. రెండేళ్ళకే, 1915లో పోయింది.

డాక్టర్_ఖమ్మం:
మేఘన గారూ, ఒక్క డాక్టర్‌కు 1,200 మంది, రోడ్లు లేవు, ఉత్తరాలు కూడా చదివి పెట్టాలి. ఏజెన్సీలో పని చేసినవాళ్ళకు ఇందులో చాలా భాగం తెలిసిన జీవితమే. ఆవిడ గురించి విడిగా ఒక థ్రెడ్ పెట్టండి దయచేసి, నేను రాస్తాను. గుంటూరువాసి గారు కుగ్లర్ గారి గురించి కూడా పెట్టాలి.

పాతకాగితం:
రెండూ పెట్టండి. జార్జియా_తెలుగు గారూ, మెక్‌డొవెల్ ఇల్లు ఇప్పటికీ ఉందా? ఎండాకాలం సెలవుల్లో కెంటకీ వైపు వెళ్ళే ఆలోచన ఉంది.

జార్జియా_తెలుగు:
ఉంది సార్. డాన్‌విల్‌లో ఆయన ఇల్లు, పక్కనే మందుల గది, రెండూ మ్యూజియంగా ఉంచారు. ఆపరేషన్ జరిగింది ఆ ఇంట్లోనే. అన్ని రోజులూ తెరవకపోవచ్చు, వెళ్ళేముందు ఫోన్ చేసి కనుక్కోండి. నార్త్ కెరొలైనా వైపు వెళ్తే బెయిలీ అనే చిన్న ఊళ్ళో పల్లె డాక్టర్ల మ్యూజియం అని ప్రత్యేకంగా ఉంది, సుజాత గారు చెప్పిన సంచులు, సీసాలు, పనిముట్లు అన్నీ అక్కడ చూడొచ్చు. పిల్లలను కూడా తీసుకెళ్ళండి.